మాస్కు వెంటిలేటర్, గొట్టం వెంటిలేటర్: సంతకం పెట్టే ముందు తెలుసుకోవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. నాన్నగారికి 66 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చుట్ట అలవాటు. కొన్నేళ్లుగా సీఓపీడీ, అంటే గాలి దారులు సన్నబడిపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అని మందులు వాడుతున్నారు. నిన్న ఆయాసం ఎక్కువై పలాస నుంచి శ్రీకాకుళం తీసుకొస్తే ఐసీయూలో బైపాప్ మాస్కు పెట్టారు. "దీనితో తగ్గకపోతే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలి, సంతకం చేయండి" అన్నారు. వెంటిలేటర్ ఎక్కించిన మనిషి తిరిగి రాడని మీ మేనమామగారు అడ్డుపడుతున్నారు. రెండు యంత్రాలకూ తేడా ఏమిటి, ఒప్పుకోవాలా, ఆక్సిజన్ 90 దగ్గరే ఉన్నా ఎందుకు పెంచడం లేదు అన్నవి మీ ప్రశ్నలు.

నేను డాక్టరును కాను. విజయనగరం, శ్రీకాకుళం ఐసీయూల్లో నర్సుగా పనిచేస్తూ తల నెరిసినదాన్ని. ఆయన రిపోర్టులు చూడకుండా ఒప్పుకోమని గానీ, వద్దని గానీ చెప్పను. ఆ నిర్ణయం ఏ విషయాల మీద ఆధారపడుతుందో మాత్రం వివరంగా చెబుతాను.

మొదట మీ మేనమామగారికి ఈ మాట చెప్పండి. మీ నాన్నగారు ఇప్పటికే వెంటిలేటర్ మీద ఉన్నారు. బైపాప్ కూడా వెంటిలేటరే. ఆక్సిజన్ మాస్కు గాలిలో ఆక్సిజన్ పాళ్లు పెంచుతుంది, అంతవరకే దాని పని. బైపాప్ గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, ఊపిరి తీసే కండరాల శ్రమలో కొంత తాను మోస్తుంది. గొట్టం వేసిన వెంటిలేటర్ చేసేదీ అదే పని. ఒక యంత్రం ముఖానికి బిగించిన మాస్కు ద్వారా చేస్తుంది, మరొకటి గాలిగొట్టంలో దించిన ట్యూబు ద్వారా చేస్తుంది. మాస్కుతో చేసేదాన్ని నాన్ ఇన్వేసివ్ అనీ, ట్యూబుతో చేసేదాన్ని ఇన్వేసివ్ అనీ అంటారు. చాలా ఐసీయూల్లో ఒకే యంత్రం రెండు విధాలుగానూ నడుస్తుంది.

మనం మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్య ఉన్న డయాఫ్రం అనే కండరం కిందికి దిగుతుంది. ఛాతీ లోపల ఒత్తిడి తగ్గుతుంది, గాలి తనంతట తాను లోపలికి వస్తుంది. వదిలేటప్పుడు శ్రమ అక్కరలేదు, ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి. సీఓపీడీలో చెడేది ఈ వదిలే దశ. సన్నని గాలి దారులు మధ్యలోనే మూసుకుపోతాయి. పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే తర్వాతి శ్వాస తీసుకోవాల్సి వస్తుంది. లోపల గాలి నిలిచిపోయి ఛాతీ ఉబ్బుతుంది, డయాఫ్రం చదునైపోతుంది, ప్రతి శ్వాసా బరువవుతుంది. గంటల తరబడి అలా లాగిన కండరాలు అలసిపోతాయి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది. మత్తు కమ్ముతుంది, మాట తడబడుతుంది, పిలిస్తే ఆలస్యంగా పలుకుతారు. ఇంట్లోవాళ్లు 'పాపం, ఇప్పటికి కాస్త నిద్రపట్టింది' అనుకునేది సరిగ్గా ఈ సమయంలోనే.

బైపాప్‌లో రెండు ఒత్తిళ్లు ఉంటాయి. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. సాధారణంగా పై ఒత్తిడి 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెట్టి, మనిషి తట్టుకునే కొద్దీ 15, 20 వరకూ పెంచుతారు. కింది ఒత్తిడి 4 లేదా 5. పైది ఊపిరి తీసే శ్రమను పంచుకుంటుంది, కిందిది మూసుకుపోయే గాలి దారులను తెరిచి ఉంచుతుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కుతున్నవాడి వీపు మీద చేయి వేసి తోసినట్టే ఇది. తొక్కాల్సింది ఆయనే. ఊపిరి తీయాలన్న ప్రయత్నం రోగి నుంచి వస్తే యంత్రం దాన్ని పసిగట్టి సాయపడుతుంది.

సీపాప్ అనే మాట కూడా మీ చెవిన పడవచ్చు. అందులో పీల్చినా వదిలినా ఒకటే ఒత్తిడి. నిద్రలో గొంతు మూసుకుపోయి గురక పెట్టేవారికి, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి అది బాగా పనిచేస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో దాని అవసరం మరీ ఎక్కువ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ రోగులు ఒక డయాలసిస్ తప్పిపోయినా ఒంట్లో నీరు పెరిగి, అర్ధరాత్రి పడుకోలేక లేచి కూర్చుని రొప్పుతారు. వారిలో చాలామందిని డయాలసిస్ మొదలై నీరు బయటికి పోయేవరకు మాస్కుతోనే నిలబెట్టవచ్చు. డయాలసిస్ పూర్తయ్యేసరికి మాస్కు తీసేసి మాట్లాడతారు. ఆ ప్రాంతం నుంచి ఇది చదివేవారు ఎవరైనా ఉంటే, రాత్రి ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకండి.

ఇక 90 సంగతి. సీఓపీడీ ఉండి కార్బన్ డయాక్సైడ్ పెరిగే స్వభావం ఉన్నవారికి ఆక్సిజన్ శాతాన్ని 88 నుంచి 92 మధ్య ఉంచుతారు. అది కావాలని పెట్టుకున్న హద్దు. అంతకుమించి ఆక్సిజన్ ఇస్తే వీరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మత్తు ముదురుతుంది. పక్క మంచం న్యుమోనియా రోగికి 96 ఉందని నాన్నగారికీ అంత కావాలని సిస్టర్ల మీద ఒత్తిడి తేకండి. ఎవరూ చూడనప్పుడు మీరే ఆక్సిజన్ మీటరు మర తిప్పడం అసలే వద్దు. బంధువులు అలా తిప్పడం నేను చూశాను, అందుకే చెబుతున్నాను.

వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్‌ను మాత్రమే చూపిస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను చూపించదు. దానికి మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే పరీక్ష కావాలి. ఏబీజీ అంటారు. అందులో రెండు అంకెలు అడిగి తెలుసుకోండి. ఒకటి పీహెచ్, రక్తంలో ఆమ్లం పెరిగితే తగ్గే అంకె ఇది; 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండాలి. పీహెచ్ 7.35 కంటే తగ్గి, కార్బన్ డయాక్సైడ్ 45 దాటిన సీఓపీడీ రోగికి మాస్కు వెంటిలేటర్ ప్రాణం కాపాడే చికిత్స. గొట్టం వేయాల్సిన అవసరాన్నీ, మరణాలనూ అది తగ్గిస్తుందని పరిశోధనలు స్పష్టంగా తేల్చాయి. అంటే మీ డాక్టర్లు సరైన చోటే మొదలుపెట్టారు. పీహెచ్ 7.25 కంటే కిందికి పోతే మాస్కు విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడు గొట్టం సిద్ధంగా పెట్టుకునే మాస్కు ప్రయత్నిస్తారు. సంతకం ముందుగానే అడగడానికి కారణం కూడా బహుశా అదే.

మాస్కు పనిచేస్తోందో లేదో తెలియడానికి రోజులు పట్టవు. పెట్టిన గంటా రెండు గంటల్లో మళ్లీ ఏబీజీ చేస్తారు. పీహెచ్ పైకి కదిలిందా, నిమిషానికి 35 సార్లు కొట్టుకుంటున్న ఊపిరి 25కు దిగిందా, మెడ కండరాలు లాగడం తగ్గిందా, పిలిస్తే కళ్లు తెరుస్తున్నారా అన్నవి చూస్తారు. ఇవన్నీ మెరుగైతే అదే మాస్కు మీద ఒకటి రెండు రోజుల్లో గట్టెక్కవచ్చు.

ఈ రెండు గంటల్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. మొదటి అరగంట మాస్కు ఎవరికైనా భయమే. ముఖం మీద గాలి బలంగా కొడుతుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది, పీకేయాలనిపిస్తుంది. లోపలికి అనుమతిస్తే పక్కన నిలబడి చేయి పట్టుకుని, 'గాలి వచ్చినప్పుడు పీల్చు నాన్నా, ఆగినప్పుడు వదులు' అని నెమ్మదిగా చెబుతూ ఉండండి. ఇంట్లోవాళ్ల గొంతు వింటే కుదుటపడేవాళ్లు చాలామంది. మీసం దట్టంగా ఉంటే మాస్కు పక్క నుంచి గాలి పోతుంది, కత్తిరించమంటే అభ్యంతరం చెప్పకండి. ముక్కు దూలం మీద ఎర్రగా కమిలితే సిస్టరుకు చూపించండి, మెత్తటి పట్టీ వేస్తారు. పొట్ట ఉబ్బినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, 'దాహం అంటున్నారు' అని మాస్కు పైకెత్తి నీళ్లు పోయకండి, ఇడ్లీ పెట్టకండి. ఒత్తిడితో వచ్చే గాలి ఆ నీటిని, ఆ ముద్దను ఊపిరితిత్తుల్లోకి నెట్టేస్తుంది. ఎప్పుడు ఏమి తాగించవచ్చో సిస్టరును అడిగే చేయండి.

రెండు పద్ధతులకూ అసలైన తేడా ఉన్నది ఇక్కడే. మాస్కు గాలిని ఇస్తుంది గానీ గొంతును కాపాడదు. కళ్లెను మింగడం, దగ్గి బయటికి తీయడం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవడం రోగే చేసుకోవాలి. అందుకు స్పృహ ఉండాలి, దగ్గులో బలం ఉండాలి. అవి లేనప్పుడు, ఊపిరే ఆగిపోయినప్పుడు, బీపీ పడిపోయి నిలవనప్పుడు, వాంతులు ఆగనప్పుడు, ముఖానికి గట్టి దెబ్బలు తగిలినప్పుడు మాస్కు మీద కాలం గడపడం ప్రమాదం. సీఓపీడీలో కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చిన మత్తుకు మాత్రం, కంటికి రెప్పలా చూసుకుంటూ కొంతసేపు మాస్కుతో ప్రయత్నించవచ్చు, ఎందుకంటే మాస్కే ఆ మత్తును దించగలదు. దిగకపోతే మాత్రం ఆగకూడదు. మాస్కు పనిచేయడం లేదని తెలిశాక కూడా గంటలు గంటలు లాగించి, గుండె ఆగబోయే దశలో గొట్టం వేసిన మనిషికీ, సమయానికి వేసిన మనిషికీ ఫలితం ఒకటి కాదు. 'గొట్టం వేయగానే పోయారు' అని ఊళ్లలో చెప్పుకునే చాలా మరణాల వెనక ఈ ఆలస్యం ఉంటుంది. ఈ ఆలస్యానికి సంతకం దగ్గర జరిగే వాదులాట కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

గొట్టం వేసేటప్పుడు ఏమి జరుగుతుందో చెబుతాను, తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మత్తుమందు, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి నోటి గుండా, స్వరతంత్రుల మధ్య నుంచి ట్యూబును గాలిగొట్టంలోకి దించుతారు. మగవారికి సాధారణంగా 7.5 లేదా 8 మిల్లీమీటర్ల ట్యూబు. దాని చివర చిన్న బుడగ ఉంటుంది. అందులో గాలి నింపితే గాలిగొట్టం గోడకు ఆనుకుని పక్క సందు మూసుకుంటుంది. యంత్రం ఇచ్చిన గాలి అంతా లోపలికే పోతుంది, నోటిలోని లాలాజలం చాలావరకు కిందికి జారదు. ట్యూబు స్వరతంత్రుల మధ్య ఉంటుంది కాబట్టి మాట రాదు. మాట పడిపోయిందని కంగారుపడకండి, ట్యూబు తీశాక వస్తుంది, కొన్నాళ్లు బొంగురుగా ఉండవచ్చు. చేతులు మంచానికి కట్టి ఉండటం చూసి చాలామంది కన్నీళ్లు పెట్టుకుంటారు. సగం మెలకువలో ట్యూబు లాగేసుకుంటే ప్రాణానికే ముప్పు కాబట్టి అలా చేస్తారు. తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు, నోరు శుభ్రం చేస్తారు, ట్యూబులోని కళ్లె లాగుతారు. ట్యూబు ఉన్నన్నాళ్లూ క్రిములు కిందికి దిగి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంటుంది. మాస్కుతో పోలిస్తే ట్యూబుకున్న పెద్ద నష్టం ఇదే. అందుకే అవసరం తీరిన రోజునే తీసేయాలని అందరూ ప్రయత్నిస్తారు.

మరో నష్టం యంత్రం వల్లే వచ్చేది. ఎక్కువ గాలిని బలవంతంగా నింపితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. న్యుమోనియా వంటివాటితో రెండు ఊపిరితిత్తులూ తీవ్రంగా దెబ్బతిన్న రోగుల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2000లో వెలువడింది. ఒక్కో శ్వాసకు, ఒంటి బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చినవారిలో 39.8 శాతం చనిపోతే, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 శాతం చనిపోయారు. ఆ కిలోలు కాటా మీద చూసే కిలోలు కావు, ఎత్తును బట్టి కట్టే లెక్క. ఐదు అడుగుల ఆరు అంగుళాల మగమనిషి 90 కిలోలున్నా లెక్క సుమారు 64 కిలోలకే వేస్తారు. అంటే ఒక్కో శ్వాసకు 380 మిల్లీలీటర్ల చిల్లర. పరుపు పక్కన నిలబడి టేపుతో మనిషి పొడవు కొలిచే సిస్టరును చూస్తే, ఆ ఐసీయూ మీద నాకు నమ్మకం కలుగుతుంది. సీఓపీడీలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఊపిరి వదలడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, కాబట్టి నిమిషానికి ఇచ్చే శ్వాసల సంఖ్యను తగ్గించి పెడతారు.

మీ మేనమామగారి మాటకు జవాబు మన పొలాల్లోనే ఉంది. వానాకాలంలో కట్లపాము కాటుతో వచ్చేవారిని చూడండి. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగలేరు, తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. ఆ విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. అప్పటికే జరిగిన నష్టాన్ని విరుగుడు మందు వెనక్కి తిప్పలేదు. నరాల చివర్లు మళ్లీ కోలుకునేదాకా రోజులపాటు, కొందరికి వారాలపాటు ఊపిరి యంత్రమే తీయాలి. ఇక్కడ మాస్కు పనికిరాదు, మింగే శక్తి లేదు కదా. గొట్టమే వేయాలి. సమయానికి వేస్తే వీరిలో ఎక్కువమంది లేచి నడిచి ఇంటికి వెళతారు. రెప్ప కూడా ఎత్తలేని ఆ మనిషికి స్పృహ ఉండవచ్చు, మన మాటలన్నీ వినబడుతూ ఉండవచ్చు. మంచం పక్కన నిలబడి 'ఇక లాభం లేదు' అనేవారిని నేను బయటికి పంపేదాన్ని.

పురుగుమందు లోపలికి పోయినవారి సంగతీ దాదాపు ఇంతే. మొదటి రోజు కోలుకున్నట్టే కనిపించి, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతారు. ఆ మెడ బలహీనతను గమనించి సమయానికి గొట్టం వేస్తే బతుకుతారు.

అసలు గొట్టం ద్వారా గాలి కొట్టే ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైందే బతికే అవకాశం ఉన్నవారి కోసం. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించి పిల్లలకు, పెద్దలకు ఊపిరి కండరాలు పడిపోయాయి. సరిపడా యంత్రాలు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు మెడ దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచితో గాలి కొట్టించారు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. ఇవాళ మనం చూసే ఐసీయూలు అక్కడి నుంచి పుట్టినవే.

కాబట్టి డాక్టరును అడగాల్సిన ప్రశ్న, ఊపిరి ఆడకపోవడానికి కారణమైనది తగ్గేదా కాదా అని. మీ నాన్నగారికి ఈసారి ఆయాసం పెరిగింది కళ్లె పట్టి ఇన్ఫెక్షన్ రావడం వల్లా, ఇన్‌హేలర్ మానేయడం వల్లా, న్యుమోనియా వల్లా? ఇవి తగ్గేవే. వారం ముందు ఆయన ఎలా ఉన్నారు? జీడితోటకు నడిచి వెళ్లి వచ్చేవారా, లేక స్నానానికి కూడా ఒకరు పట్టుకోవాల్సి వచ్చేదా? మీరు ఈ సమాచారం నిజాయితీగా డాక్టరుకు చెప్పాలి, ఎక్స్‌రే కంటే ఇది తక్కువ విలువైనది కాదు. నడిచి తిరిగిన మనిషికి ఇన్ఫెక్షన్ వచ్చి పడిపోతే, నా మటుకు నేను మా ఇంట్లో వారికైనా గొట్టం ఒప్పుకుంటాను. సంవత్సరం నుంచి మంచం మీదే ఉండి, ఇంట్లో ఆక్సిజన్ మీద గడుపుతున్నవారి విషయం వేరు. సీఓపీడీ బాగా ముదిరితే గొట్టం వేయడం సులువే, తీయడం కష్టం. వారం, పది రోజులు దాటితే మెడకు రంధ్రం చేసి ట్రెకియాస్టమీ పెట్టాల్సి రావచ్చు. అలాంటివారికి 'మాస్కు వరకే, అంతకుమించి వద్దు' అనుకోవడం కూడా సరైన వైద్యమే. స్పృహ ఉన్నంతలో ఆయననే అడగండి. ఆయన మాటకు మీ అందరి మాటల కంటే ఎక్కువ విలువ ఉంది.

గొట్టం వేశాక బయటికి వచ్చే దారి కూడా ఉంటుంది. రోజూ మత్తు తగ్గించి చూస్తారు. మెలకువ వచ్చి, ఆక్సిజన్ అవసరం తగ్గి, దగ్గు బలంగా ఉంటే యంత్రం సాయం దాదాపు తీసేసి అరగంట నుంచి రెండు గంటల వరకు సొంతంగా ఊపిరి తీయిస్తారు. నెగ్గితే ట్యూబు తీస్తారు. సీఓపీడీ రోగులకు ట్యూబు తీసిన వెంటనే మళ్లీ బైపాప్ మాస్కు పెట్టడం మంచి పద్ధతి, మళ్లీ ట్యూబు వేయాల్సిన అవసరం తగ్గుతుంది. అప్పుడు 'మళ్లీ మాస్కా!' అని నిరాశపడకండి.

విశాఖ తీసుకెళదామని ఎవరైనా తొందరపెడితే, దారిలో ఆక్సిజన్ లెక్క వేయకుండా కదలకండి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఉంది. అంబులెన్సులో వాడే బి టైపు సిలిండర్‌లో నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లయితే రెండున్నర గంటలు, 15 అయితే గంటా నలభై నిమిషాలే వస్తుంది. మాస్కు పక్క నుంచి గాలి పోతుంది కాబట్టి బైపాప్ మీద ఖర్చు ఇంకా పెరుగుతుంది. రెండో సిలిండర్, బ్యాటరీతో నడిచే యంత్రం, మాస్కు పనిచేయకపోతే దారిలోనే గొట్టం వేయగల మనిషి ఉన్నారా అని అడగండి. లేకపోతే ముందు ఇక్కడే గొట్టం వేయించుకుని వెళ్లడం క్షేమం.

గట్టెక్కి ఇంటికి వచ్చాక చుట్ట పూర్తిగా మానాలి, ఇంట్లో మరెవరూ కాల్చకూడదు. మన తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడలకూ, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లులకూ ఇదే జబ్బు వస్తుంది, మీ అమ్మగారికి దగ్గు ఉంటే ఆవిడనూ చూపించండి. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత నాన్నగారికి మళ్లీ ఏబీజీ చేయించండి. అప్పటికీ కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువగానే ఉంటే రాత్రిపూట ఇంట్లో బైపాప్ వాడమంటారు. ఆ మాస్కు మీద చిన్న రంధ్రాలు ఉంటాయి, వదిలిన గాలి పోయేది వాటిలోంచే. గాలి వృథా అవుతోందని ప్లాస్టరు వేసి మూయకండి. మూస్తే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీలుస్తారు. కరెంటు గురించి కూడా ముందే ఆలోచించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు మీకు గుర్తుండే ఉంటాయి. యంత్రం కొనేటప్పుడే దానికి సరిపడే ఇన్వర్టర్ ఏదో, బ్యాటరీ మీద ఎన్ని గంటలు నడుస్తుందో రాయించుకోండి. గాలిని తడిపే హ్యుమిడిఫయర్ హీటరు ఆపేస్తే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది.